రోకలి కాదు, రుబ్బురోలు: మజ్దా మొండితనం

నీరజ: అందరికీ నమస్కారం. ఈ వారం కూడా మా బాబాయ్ వచ్చాడు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు గ్రీజు చేతులతో గడిపిన మనిషి. కాస్త మైకు దగ్గరికి జరుగు బాబాయ్, గొంతు దూరంగా వస్తోంది.

బాబాయ్: ఇంకా జరిగితే మింగేస్తానే దాన్ని.

నీరజ: (నవ్వు) సరే అక్కడే ఉండు. మొన్న పేపర్లో "డీసీఎం బోల్తా" అని ఒక వార్త చదివాను. అసలు డీసీఎం అంటే ఏంటని నిన్ను అడిగితే రెండు గంటలు క్లాసు పీకావు. అది మైకు ముందు చెప్పు.

బాబాయ్: అది వ్యాను పేరు కాదమ్మా, కంపెనీ పేరు. 1980ల్లో జపాన్ వాళ్ళు మన కంపెనీలతో కలిసి చిన్న లారీలు చెయ్యడానికి వచ్చారు. నాలుగు జంటలు. డీసీఎంతో టయోటా, ఐషర్‌తో మిత్సుబిషి, మన హైదరాబాద్ ఆల్విన్‌తో నిస్సాన్, పంజాబ్‌లో స్వరాజ్‌తో మజ్దా. ఆల్విన్ నిస్సాన్ బళ్ళు మన జహీరాబాద్‌లోనే తయారయ్యేవి. డీసీఎం టయోటా ఎప్పుడో పోయింది, కానీ తెలంగాణలో ఇప్పటికీ ఆ సైజు బండి ఏ కంపెనీదైనా డీసీఎమ్మే.

నీరజ: నేను స్కూలుకి వెళ్ళింది స్వరాజ్ మజ్దాలో. పసుపు బస్సు. వెనక సీట్లో కూర్చుంటే ప్రతి గతుకుకీ తల కప్పుకి తగిలేది.

బాబాయ్: ఇవాళ్టి కథ ఆ రెండో పేరుదే. మన దగ్గర మజ్దా కార్లు అమ్మరు, అందుకే మనకి అదొక స్కూలు బస్సు పేరుగానే మిగిలింది. నాకూ అంతకుమించి తెలీదు. మావాడు డల్లాస్‌లో మజ్దా కారు కొన్నాడు. నేనక్కడ ఆర్నెల్లు ఉన్నాను కదా, పొద్దున్న వాళ్ళిద్దరూ ఆఫీసుకి పోతే ఇంట్లో నేనూ, గ్యారేజీలో ఆ కారూ. ఏం చెయ్యను? బానెట్ ఎత్తి చూడ్డం, దాని గురించి చదవడం.

నీరజ: అమెరికాలో మనవాళ్ళు టయోటా, హోండా తప్ప వేరేది కొనరంటారు.

బాబాయ్: నేనూ అదే తిట్టాను. "రీసేల్ ఉండదురా" అన్నాను. తర్వాత తెలిసింది, ఆ మాట జపాన్‌లోనే ఒకప్పుడు సామెతలా తిరిగిందని. అక్కడికి వస్తాను. ముందు బిరడాల దగ్గర మొదలెట్టాలి.

నీరజ: బిరడాలా?

బాబాయ్: అవును, సీసా బిరడా. 1920లో హిరోషిమాలో ఆ కంపెనీ పుట్టినప్పుడు పేరు తోయో కార్క్ కోగ్యో. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్ నుంచి బెరడు సరుకు రాక, జపాన్‌లోనే ఒక చెట్టు బెరడు తీసి కార్క్ చేసేవారు. యుద్ధం అయిపోయాక దానికి గిరాకీ పడిపోయింది. అప్పుడు జుజిరో మత్సుదా అనే ఆయన అధ్యక్షుడై, యంత్రాల పనిలోకి దింపాడు. 1931లో మూడు చక్రాల ట్రక్కు చేశారు, దాని పేరు మజ్దా-గో. ముందు మోటార్‌సైకిల్‌లా హ్యాండిలు, వెనక తొట్టి. మన ట్రాలీ ఆటోకి పెదతాత అనుకో.

నీరజ: మజ్దా అంటే పార్సీల దేవుడు కదా?

బాబాయ్: అహుర మజ్దా. జ్ఞానానికి, వెలుగుకి దేవుడు. మత్సుదా ఇంటిపేరుకీ దగ్గరగా ఉంటుందని పెట్టుకున్నారు. తమాషా ఏంటంటే, జపాన్ లిపిలో ఇప్పటికీ ఆ కంపెనీ పేరు "మత్సుదా" అనే రాస్తారు. బయట ఊళ్ళో దేవుడి పేరు, ఇంట్లో ఇంటిపేరు.

నీరజ: హిరోషిమా అన్నావు...

బాబాయ్: ఆ... 1945 ఆగస్టు 6. అది జుజిరో మత్సుదా పుట్టినరోజు కూడా. 70 ఏళ్ళు నిండాయి. పొద్దున్నే క్షవరం చేయించుకుని బయల్దేరాడట, అలా బతికాడు. ఫ్యాక్టరీ ఊరి చివర ఫుచూలో ఉంది, బాంబు పడ్డ చోటికి ఐదు కిలోమీటర్ల పైన. మధ్యలో హిజియామా అని చిన్న గుట్ట. ఆ గుట్ట అడ్డుపడి ఫ్యాక్టరీ షెడ్లు చాలావరకు నిలబడ్డాయి. ఊళ్ళో నిలబడ్డ పెద్ద కట్టడాల్లో అదొకటి. గాయపడ్డవాళ్ళని అక్కడికే తెచ్చారు. కొన్నాళ్ళకి జిల్లా ప్రభుత్వం లాంటిది, వాళ్ళు ప్రిఫెక్చర్ అంటారు, ఆ ఆఫీసు కూడా ఫ్యాక్టరీలోకే మారింది. రేడియో స్టేషనూ అక్కడి నుంచే.

నీరజ: కార్ల ఫ్యాక్టరీలో కలెక్టరాఫీసు!

బాబాయ్: అప్పటికి కార్లు ఎక్కడివి, మూడు చక్రాల బళ్ళే. అవి కూడా అదే డిసెంబర్లో మళ్ళీ మొదలెట్టారు. నాలుగు నెలలే అయింది చూడు. ఊరు కట్టుకోవడానికి ఇటుకా, కలపా మోసింది ఆ బళ్ళే. అందుకే హిరోషిమా వాళ్ళకి ఆ కంపెనీ అంటే సొంత బంధువు లెక్క. అక్కడి బేస్‌బాల్ జట్టు పేరు హిరోషిమా తోయో కార్ప్. ఆ "తోయో" ఈ కంపెనీదే.

నీరజ: మరి నువ్వెప్పుడూ చెప్పే ఆ వింత ఇంజిను?

బాబాయ్: వస్తున్నా. 1960 ప్రాంతంలో జపాన్ ప్రభుత్వానికి ఒక ఆలోచన వచ్చింది. ఇన్ని చిన్న కార్ల కంపెనీలు ఎందుకు, రెండు మూడు పెద్దవాటిలో కలిపేద్దామని. జుజిరో కొడుకు సునేజీ మత్సుదా అప్పుడు అధ్యక్షుడు. మన దగ్గర ఎవరి దగ్గరా లేనిది ఒకటుంటే మనల్ని ఎవరూ మింగలేరు అనుకున్నాడు. జర్మనీలో ఎన్ఎస్‌యూ అనే కంపెనీ, ఫెలిక్స్ వాంకెల్ అనే ఆయన కలిసి రోటరీ ఇంజిను చేస్తున్నారు. 1961కల్లా దాని లైసెన్సు పుచ్చుకున్నారు.

నీరజ: రోటరీ అంటే మా శ్రోతలకి అర్థమయ్యేలా చెప్పు.

బాబాయ్: మామూలు ఇంజినులో పిస్టన్ ఏం చేస్తుంది? రోకలి. పైకీ కిందకీ, పైకీ కిందకీ. ఆ దంపుడుని తిప్పుడుగా మార్చడానికి కింద క్రాంక్ అనే వంకర ఇరుసు కావాలి, పైన గాలీ పొగా రానూపోనూ తెరిచిమూసే వాల్వులు కావాలి, బోలెడు సామాను. రోటరీ రుబ్బురోలు. గుంటలో పొత్రం ఎలా తిరుగుతుంది? అంచులు రాసుకుంటూ, కొంచెం ఊగుతూ. ఇక్కడ ఆ పొత్రం ఉబ్బిన సమోసాలా మూడు మూలలది. గుంటేమో వేరుశనక్కాయలా నడుమున్న ఆకారం. సమోసాకి ఒక పక్క పెట్రోలు, గాలి లాక్కుంటుంటే, ఇంకో పక్క నొక్కుతూ మండిస్తుంది, మూడో పక్క పొగ తోస్తుంది. అన్నీ ఒకేసారి. వాల్వులు లేవు, వణుకు లేదు, చిన్న ఇంజిను, పెద్ద బలం.

నీరజ: మరి అందరూ అదే ఎందుకు చెయ్యలేదు?

బాబాయ్: ఆ మూడు మూలలే కొంప ముంచాయి. ప్రతి మూల మీదా ఒక సన్నని సీలు ఉంటుంది, కారు అద్దం తుడిచే వైపర్ బ్లేడులా గోడని రాసుకుంటూ పోవాలి. జర్మనీ నుంచి తెచ్చిన నమూనా ఇంజిను కొన్ని గంటలు తిప్పి విప్పి చూస్తే, లోపలి గోడ నిండా అడ్డంగా గీతలు, కెరటాలు కెరటాలుగా. ఆ సీలు గోడ మీద జారకుండా వణుకుతోందన్నమాట. జపాన్ ఇంజినీర్లు వాటికి పెట్టిన పేరు "దెయ్యం గోళ్ళ గుర్తులు".

నీరజ: అబ్బా.

బాబాయ్: 1963లో కెనిచి యమమోతో అనే ఆయన చేతిలో 47 మందిని పెట్టారు. జపాన్‌లో 47 మంది సమురాయ్‌ల కథ మన పల్నాటి కథంత ప్రసిద్ధం, ఈ జట్టునీ ఆ పేరుతోనే పిలిచారు. యమమోతో పెద్ద చదువు చదివి కూడా యుద్ధం అయ్యాక అదే ఫ్యాక్టరీలో మూడు చక్రాల బళ్ళకి గేర్‌బాక్సులు బిగించిన మనిషి. చేతికి నూనె అంటిన ఇంజినీరు. నాకు నచ్చింది అదే. సీలు కోసం రకరకాల పదార్థాలు వేసి చూశారు. చివరికి కార్బన్‌లోకి అల్యూమినియం ఇంకించి చేసిన సీలుతో ఆ గోళ్ళ గుర్తులు పోయాయి. 1967 మే 30న కాస్మో స్పోర్ట్ అనే కారు అమ్మకానికి వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, అంతరిక్షంలోంచి దిగినట్టు ఉంటుంది. మొత్తం చేసింది 1,200 లోపే.

నీరజ: జర్మనీ వాళ్ళ సంగతి?

బాబాయ్: అదే ఏడాది వాళ్ళూ రో 80 అని ఒక కారు తెచ్చారు. అద్భుతమైన కారు. కానీ సీళ్ళు అరిగిపోయి, వారంటీలో ఇంజిన్లు మార్చీ మార్చీ కంపెనీ చితికిపోయింది. 1969లో ఆడి అనే కార్ల కంపెనీతో కలిసిపోయింది. కనిపెట్టినవాడు మునిగాడు, కొనుక్కున్నవాడు తేలాడు.

నీరజ: తేలాడా? 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చింది కదా.

బాబాయ్: (నవ్వు) చదివొచ్చావన్నమాట. అవును, తేలినట్టే తేలి మళ్ళీ మునిగారు. రోటరీలో మంట మండే చోటు పొడుగ్గా, పల్చగా ఉంటుంది, పెట్రోలు పూర్తిగా కాలదు. అమెరికా ప్రభుత్వ పరీక్షలో ఊళ్ళో తిరిగితే లీటరుకి నాలుగైదు కిలోమీటర్లే వచ్చింది. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజుల్లో అదెవరు కొంటారు? కార్లు స్టాకులో పడి ఉన్నాయి. సుమితొమో బ్యాంకు వచ్చి పగ్గాలు పట్టింది. ఉద్యోగాలు తీసెయ్యకుండా ఏం చేశారో తెలుసా? ఫ్యాక్టరీలో స్పానర్లు పట్టుకునేవాళ్ళని వేల మందిని షోరూములకి పంపి, కార్లు అమ్మమన్నారు.

నీరజ: నిన్ను షోరూంలో నిలబెడితే ఎలా ఉంటుందో ఊహిస్తున్నా.

బాబాయ్: "ఇది కొనకండి, క్లచ్ బాగోదు" అని చెప్పేవాణ్ణి. ఒక్క బండి పోయేది కాదు.

నీరజ: అప్పుడైనా ఆ ఇంజిను వదిలేస్తే సరిపోయేది కదా. ఇది పట్టుదలా, పిచ్చా?

బాబాయ్: రెండూ. నేను కంపెనీ యజమానినైతే వదిలేసేవాణ్ణి. వాళ్ళు మామూలు ఇంజిన్ల కార్లతో అన్నం తింటూ, రోటరీని ఒక్క చోట ఉంచారు, స్పోర్ట్స్ కారులో. 1978లో ఆర్ఎక్స్-7. మైలేజీ అడగనివాళ్ళకి అమ్మడమన్నమాట, అది తెలివి. 1979లో ఫోర్డ్ వచ్చి 25 శాతం వాటా కొంది. ఆ యమమోతోనే తర్వాత, 1984లో, కంపెనీ అధ్యక్షుడయ్యాడు.

నీరజ: రేసు సంగతి చెప్పు. నువ్వు వీడియో పెట్టి ఇల్లంతా అదరగొట్టావే.

బాబాయ్: 1991, ఫ్రాన్స్‌లో లె మాన్స్. 24 గంటలు ఆగకుండా తోలే రేసు. మజ్దా 787బీ, 55వ నంబరు. నారింజ, ఆకుపచ్చ గళ్ళు, దూరం నుంచి చూస్తే లుంగీ ఆరేసినట్టుంటుంది. నాలుగు పొత్రాల ఇంజిను, 700 గుర్రాల శక్తి. అది చేసే మోత ఉందే... తేనెటీగల తుట్టెని లౌడ్‌స్పీకర్లో పెట్టినట్టు. ముందున్న మెర్సిడెస్ మూడు గంటలు మిగిలుండగా ఇంజిను వేడెక్కి ఆగిపోయింది. ఇది మాత్రం 362 చుట్లు తిరిగింది. లె మాన్స్ గెలిచిన మొదటి జపాన్ కారు. 2018లో టయోటా గెలిచేదాకా ఇదొక్కటే. చివర్లో తోలిన జానీ హెర్బర్ట్ ఎంత వాడిపోయాడంటే, బహుమతి వేదిక మీదికి ఎక్కలేకపోయాడు.

నీరజ: అంటే ఆ ఇంజిను గొప్పదని తేలినట్టేనా?

బాబాయ్: అభిమానులు అలాగే చెబుతారు. నిజం చెప్పాలంటే, ఆ ఏడాది రూల్స్‌లో వీళ్ళ కారుని 830 కిలోలకి రానిచ్చారు. మెర్సిడెస్ వాళ్ళది 1,000 కిలోలు. 170 కిలోలంటే ఇద్దరు లావుపాటి మామయ్యల్ని దింపేసినట్టు. అయినా 24 గంటలు సీలు అరగకుండా తిరిగింది చూడు, నాకు గొప్ప అక్కడుంది.

నీరజ: ఇక రీసేల్ సామెత?

బాబాయ్: "మజ్దా నరకం" అనేవారు. రేసు గెలిచిన ఆ రోజుల్లోనే కంపెనీ జపాన్‌లో ఐదు రకాల షోరూములు తెరిచింది, ఐదు పేర్లతో. అంత పెద్ద సంసారం వాళ్ళకెక్కడిది? డబ్బు పల్లం వైపు నీళ్ళలా పోయింది. కార్లు కదలాలని భారీ డిస్కౌంట్లు ఇచ్చారు. కొత్తది చవకగా వస్తుంటే పాతది ఎవరు కొంటారు? అమ్మబోతే మజ్దా షోరూము తప్ప ఎవరూ మంచి ధర ఇవ్వరు, వాళ్ళిస్తే మళ్ళీ మజ్దాయే కొనాలి. ఒకసారి దిగితే బయటికి రాలేరు, అదీ నరకం. 1996లో ఫోర్డ్ వాటా 33.4 శాతానికి పెంచుకుని తన మనిషి హెన్రీ వాలెస్‌ని అధ్యక్షుణ్ణి చేసింది. జపాన్ కార్ల కంపెనీకి ఒక విదేశీయుడు అధ్యక్షుడవడం అదే మొదలు.

నీరజ: మరి మనవాళ్ళ పిల్లలు ఇప్పుడు కొంటున్నారుగా.

బాబాయ్: ఫోర్డ్‌కి 2008లో తన కష్టాలు తనకొచ్చి వాటా అమ్ముకుంటూ వెళ్ళిపోయింది. ఒంటరిగా మిగిలాక వీళ్ళు చేసిన మంచి పని, మామూలు పెట్రోలు ఇంజినునే బాగు చెయ్యడం. స్కైయాక్టివ్ అన్నారు. డిస్కౌంట్లు తగ్గించారు, కార్లకి తమదైన ఎర్ర రంగు ఒకటి పట్టుకున్నారు. 2020లో అమెరికాలో వస్తువుల్ని పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక వేసిన, ఏ కార్లు చెడిపోకుండా నమ్మకంగా నడుస్తాయనే జాబితాలో మొదటి పేరు మజ్దాది, టయోటా, లెక్సస్‌ల కంటే పైన. మావాడు ఆ కాగితం చూసే కొన్నాడు. నేను రోటరీ గురించి చెబుతుంటే "అదేంటి నాన్నా?" అన్నాడు. వాడి కారు బానెట్ కింద ఉన్నది నాలుగు రోకళ్ళే.

నీరజ: అంతా మంచేనా?

బాబాయ్: ఎందుకవుతుంది? 2024లో జపాన్‌లో వాహన ధ్రువీకరణ పరీక్షల్లో తప్పులు బయటపడ్డ కంపెనీల్లో ఇదీ ఉంది. ఇంజిను కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మార్చి పరీక్షించారని తేలి, రెండు మోడళ్ళ బళ్ళు పంపడం ఆపేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు, మా ఇంట్లో పెళ్ళికొడుకు గురించి చెడు విన్నట్టు.

నీరజ: రోటరీ చచ్చిపోయినట్టేగా?

బాబాయ్: ఆర్ఎక్స్-8 అనే స్పోర్ట్స్ కారుతో 2012లో ఆగింది. పదకొండేళ్ళకి, 2023లో, మళ్ళీ తెచ్చారు. ఎంఎక్స్-30 అనే బ్యాటరీ కారులో, ఒకే ఒక్క పొత్రం, 830 సీసీ. చక్రాలని అది తిప్పదు. పక్కన కూర్చుని బ్యాటరీకి చార్జింగ్ పెడుతుంది, అంతే.

నీరజ: అంటే లె మాన్స్ గెలిచింది ఇప్పుడు జనరేటరా?

బాబాయ్: మన రుబ్బురోలు పెరట్లోకి పోయినట్టే. ఉండు, ఆ 787బీ మోత ఒకసారి వినిపిస్తా. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళు సౌండు తగ్గించుకోండమ్మా.