17 పాటలు, 3 కోట్ల కాపీలు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ వదిలేసి విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వచ్చి అమెరికన్ పాప్ గాయని మడొన్నా గురించి వింటామని కూర్చున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది. నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను.

1990 నవంబరులో మడొన్నా హిట్ పాటలతో 'ది ఇమాక్యులేట్ కలెక్షన్' అనే ఆల్బమ్ వచ్చింది. మొత్తం 17 పాటలు. వాటిలో 15 పాతవే, అంటే జనం అప్పటికే కొనుక్కున్నవి, రేడియోలో విని విని నోటికి వచ్చేసినవి. అయినా అది ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 కోట్ల కాపీలు అమ్ముడైంది. పేరున్న మనిషి కాబట్టి ఏం పెట్టినా కొంటారులే అని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. పేరున్న వాళ్ళ హిట్స్ ఆల్బమ్‌లు ఎన్నో వచ్చాయి, కొన్నాళ్ళు ఆడి మాయమైపోయాయి. ఇది నిలబడిందంటే దీన్ని తయారు చేయడంలో శ్రద్ధ ఉంది, ఆ శ్రద్ధ ఎక్కడెక్కడ ఉందో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు కొంచెం చరిత్ర. ఈ హిట్స్ ఆల్బమ్ వ్యాపారం 1958లో జానీ మాథిస్ అనే అమెరికన్ గాయకుడితో ఊపందుకుంది. ఆయన హిట్స్ ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల జాబితా అయిన బిల్‌బోర్డ్ చార్టులో తొమ్మిదేళ్ళకు పైగా ఉంది. కంపెనీలకు అర్థమైంది ఏమిటంటే, ఇందులో ఖర్చు చాలా తక్కువ. పాట రికార్డింగ్ ఖర్చు ఎప్పుడో అయిపోయింది, ప్రచారం రేడియోలు ఏళ్ళ తరబడి చేసి పెట్టాయి, ఇక మిగిలింది కవరు, ప్రింటింగు. 1976లో ఈగల్స్ అనే అమెరికన్ రాక్ బృందం హిట్స్ ఆల్బమ్ వచ్చింది, అమెరికాలో పది లక్షల కాపీలకు ఇచ్చే ప్లాటినం సర్టిఫికెట్ అందుకున్న మొట్టమొదటి ఆల్బమ్ అదే.

ఇప్పుడు 1990 నాటికి మడొన్నా ఎక్కడుంది? 1983లో మొదటి ఆల్బమ్, 1984లో 'లైక్ ఎ వర్జిన్', 1986లో 'ట్రూ బ్లూ', 1989లో 'లైక్ ఎ ప్రేయర్'. 1990లోనే జపాన్‌లో మొదలుపెట్టి అమెరికా, యూరప్ తిరిగిన పెద్ద టూర్. హిట్లు లెక్కలేనన్ని, కానీ చెల్లాచెదురుగా ఉన్నాయి. 'క్రేజీ ఫర్ యూ' ఒక సినిమా సౌండ్‌ట్రాక్‌లో ఉంది, 'ఇన్‌టు ద గ్రూవ్' ఇంకో సినిమా కోసం చేసింది, 'వోగ్' మూడో సినిమాకి ముడిపడిన ఆల్బమ్ చివర్లో ఉంది. అన్నీ కావాలంటే అరడజను రికార్డులు కొనాలి. కాబట్టి ఒక్కచోట దొరకడం అనేది కొనేవాడికి నిజమైన అవసరం.

కానీ ఒక్కచోట పోగేయడంతో వాళ్ళు ఆగలేదు. ఈ భాగం నాకు ప్రాణం, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. పాటల్ని దాదాపు వచ్చిన వరసలోనే పెట్టారు, 'హాలిడే'తో మొదలై 'వోగ్' దాకా వింటే ఒక మనిషి గొంతు, ధైర్యం, ఆలోచన ఎలా మారాయో తెలిసిపోతుంది. తరవాత, పాత టేపుల్ని యథాతథంగా ఎక్కించలేదు. రీమిక్స్‌లలో పేరున్న షెప్ పెటిబోన్ లాంటివాళ్ళు కూర్చుని చాలా పాటల్ని మళ్ళీ మిక్స్ చేశారు, అంటే గొంతు, వాద్యాల పాళ్ళు మార్చి మళ్ళీ కలిపారు, అదీ క్యూసౌండ్ అనే అప్పటి కొత్త పద్ధతిలో. రెండు స్పీకర్లలోనుంచే వస్తున్నా శబ్దం మన పక్కనుంచీ వెనకనుంచీ వస్తున్నట్టు అనిపించేలా చేసే పద్ధతి అది. అప్పట్లో ఒక్క సీడీలో దాదాపు 74 నిమిషాలే పట్టేవి కాబట్టి కొన్ని పాటల్ని కత్తిరించారు కూడా. కొంతమంది అభిమానులకు ఇది ఇప్పటికీ కోపమే, అసలు పాట పాడుచేశారంటారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది గానీ 17 పాటలు ఏకబిగిన వింటే ఎక్కడా విసుగు రాకపోవడానికి ఆ కత్తెరే కారణమని నా నమ్మకం.

ఇంకో సంగతి, ఏం వదిలేశారో చూడండి. 'హూస్ దట్ గర్ల్' 1987లో అమెరికాలో నంబర్ వన్ పాట. అది ఇందులో లేదు. 'ట్రూ బ్లూ' లేదు, 'డ్రెస్ యూ అప్' లేదు. నంబర్ వన్ పాటను పక్కన పెట్టాలంటే ఎంత గుండె ఉండాలి!

కొత్త పాటలు రెండే, 'జస్టిఫై మై లవ్', 'రెస్క్యూ మీ'. పాత అభిమాని చేత మళ్ళీ కొనిపించేవి ఇవే. మొదటిదాని వీడియోను పాటల టీవీ ఛానెల్ ఎంటీవీ వెయ్యనంది, అశ్లీలంగా ఉందని. వెంటనే ఆ ఒక్క వీడియోనే వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్‌గా షాపుల్లో పెట్టి అమ్మారు! నిషేధం వార్త ప్రతి టీవీలో వచ్చింది, 1991 జనవరికల్లా పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. అదే సమయంలో క్రిస్మస్ కొనుగోళ్ళు, పైగా జనం రికార్డుల్నీ క్యాసెట్లనీ వదిలి సీడీలకు మారుతున్న రోజులు, ఇంట్లో ఉన్న పాటే అయినా సీడీలో మళ్ళీ కొన్నారు. బ్రిటన్‌లో ఆల్బమ్ 9 వారాలు మొదటి స్థానంలో ఉంది. అమెరికాలో మాత్రం రెండో స్థానం దాటలేదు. అయినా అక్కడ కోటి దాటి డైమండ్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. మొదటి వారం సందడి కన్నా, ఏటేటా కొత్తగా పాటలు వినడం మొదలుపెట్టే పిల్లలు ఫస్ట్ కొనేది ఇదే కావడం అసలైన విజయం. 1992లో వచ్చిన 'అబ్బా గోల్డ్', అంటే అబ్బా అనే స్వీడన్ బృందం హిట్స్ ఆల్బమ్, కూడా ఇలాగే, 2021లో బ్రిటన్ చార్టులో వెయ్యి వారాలు పూర్తి చేసింది.

మన ఊరి సంగతికి వస్తాను. జగదాంబ దగ్గర క్యాసెట్ రికార్డింగ్ షాపులు గుర్తున్నాయా? నేను చదువుకునే రోజుల్లో అలాంటి ఒక షాపులో సాయంత్రాలు పనిచేశాను. జనం తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసుకొచ్చేవారు, మేం 60 నిమిషాల క్యాసెట్టో 90 నిమిషాలదో తీసి ఏ సైడు, బి సైడు ఎక్కించి ఇచ్చేవాళ్ళం. కాపీరైట్ చట్టం ప్రకారం అది చెల్లదు. కానీ ఆ లిస్టులు చూసినప్పుడల్లా ఆశ్చర్యపోయేవాణ్ణి, స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి ఒకాయన సుశీలమ్మ పాటలు ఏ సంవత్సరం పాట ఏదో రాసుకొచ్చి, వరస మార్చవద్దండీ అని మరీ మరీ చెప్పి వెళ్ళేవారు. కంపెనీ క్యాసెట్లలో ఆ శ్రద్ధ ఉండేది కాదు. సినిమా పేరుంటే రచయిత పేరుండదు, సంవత్సరం అసలే ఉండదు, విషాద గీతం పక్కనే క్లబ్ పాట.

పి. సుశీల గారు మన పక్కనే ఉన్న విజయనగరంలో పుట్టారు. 2016లో గిన్నిస్ వాళ్ళు 17,695 పాటలు లెక్కగట్టి ఆమె పేరు రికార్డుల్లో ఎక్కించారు. అన్ని పాటల్లోంచి ఒక 17 ఏరి, మంచి మాస్టర్ టేపులు, అంటే అసలు రికార్డింగ్ ఉన్న టేపులు, వెతికి శుభ్రం చేయించి, ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు, ఆ రోజు స్టూడియోలో ఏ వాద్యాలున్నాయి అని ఒక చిన్న పుస్తకం జతచేసి తెస్తే కొనరా? నేను కొంటాను. మీరూ కొంటారు.

మరి ఎందుకు రాలేదు? మడొన్నా పాటలు దాదాపు అన్నీ ఆమె పేరు మీద, ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి, చాలావాటికి ఆమె సహ రచయిత్రి కూడా, ఏది ఉంచాలి ఏది తీయాలి అన్నదాంట్లో ఆమె మాట చెల్లుతుంది. మన దగ్గర పాట నిర్మాతది, అక్కడినుంచి ఆడియో కంపెనీది. ఒకే గాయని పాటలు నాలుగైదు కంపెనీల దగ్గర ఉంటాయి, ఒకరి పాట ఇంకొకరి ఆల్బమ్‌లోకి రాదు. పాడిన మనిషిని ఎవరూ అడగరు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక రచయితలకు, సంగీత దర్శకులకు, గాయకులకు రాయల్టీ హక్కు దక్కింది, అది చాలా మంచి పని. కానీ ఎంపికలో మాట ఇంకా దక్కలేదు. కంపెనీలు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని ఇది, నష్టం వచ్చే పని అసలే కాదని ఆ 3 కోట్ల కాపీలే చెబుతున్నాయి కదా.

సరే, ఇప్పుడు పాట విందాం. 'లైక్ ఎ ప్రేయర్' రెండుసార్లు వేస్తాను, ముందు 1989 ఆల్బమ్‌లోది, తరవాత ఈ కలెక్షన్‌లోది. రెండోదాంట్లో బేస్, డ్రమ్స్ ఎలా మారాయో గమనించండి. క్యూసౌండ్ రెండు స్పీకర్లకూ మధ్యలో కూర్చుంటేనే సరిగ్గా తెలుస్తుంది, కాబట్టి గోడల పక్కన ఉన్నవాళ్ళు దయచేసి మధ్య వరసల్లోకి రండి. ప్రశ్నలు పాటలయ్యాక తీసుకుంటాను.