టీ కణానికి బ్రేకు ఎక్కడుంది? జేమ్స్ అలిసన్ పరిశోధన కథ

(తెరపై: ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తున్న కర్నూలు బస్సు. ఘాట్ మలుపులు.)

నమస్కారం. నల్లమల ఘాట్ రోడ్డులో ఈ బస్సు నడవాలంటే మూడు కావాలి. స్టార్ట్ చేయడానికి తాళంచెవి, కదలడానికి యాక్సిలరేటర్, మలుపులో నిలపడానికి బ్రేకు. రోగాలతో పోరాడుతూ మన రక్తంలో తిరిగే తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాలదీ అదే పద్ధతి. ఆ మూడింటి చరిత్రలోనూ వినిపించే పేరు అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అలిసన్.

(తెరపై: టెక్సాస్ పటం.)

ఆయన 1948లో టెక్సాస్‌లోని ఆలిస్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి లింఫోమా అనే క్యాన్సర్‌తో చనిపోయింది. "అందుకే క్యాన్సర్‌కు మందు కనిపెడతానని శపథం చేశాడు" అని ఇక్కడ కథ అల్లడం సులువు. కానీ క్యాన్సర్ నయం చేయడానికి తాను ఈ పరిశోధనలోకి రాలేదని, టీ కణం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికే వచ్చానని నోబెల్ వచ్చినప్పుడు ఆయనే చెప్పారు. నాకు ఆ మాటే నచ్చింది.

1982లో, టీ కణం శత్రువును గుర్తుపట్టే గ్రాహకాన్ని ఆయన బృందం ప్రోటీన్ రూపంలో పట్టుకుంది. అది తాళంచెవి. తర్వాత కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో, సీడీ28 అనే అణువు యాక్సిలరేటర్‌లా పనిచేస్తుందని తేల్చారు.

ఇక మిగిలింది టీ కణం మీదే ఉండే సీటీఎల్‌ఏ-4 అనే అణువు. దీన్ని 1987లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు, పని మాత్రం తెలియలేదు. చూడటానికి సీడీ28లాగే ఉంది కనుక ఇది మరో యాక్సిలరేటర్ అని కొందరు వాదించారు. కాదు, ఇది బ్రేకు అని అలిసన్ బృందం, విడిగా జెఫ్రీ బ్లూస్టోన్ అనే మరో శాస్త్రవేత్త బృందం చూపించాయి.

(తెరపై: టీ కణం బొమ్మ. బ్రేకు మీద వచ్చి అతుక్కుంటున్న యాంటీబాడీ.)

అసలు మలుపు ఇక్కడే. బ్రేకు దొరకగానే చాలామంది, దాన్ని ఇంకా గట్టిగా నొక్కితే రోగనిరోధక కణాలు సొంత శరీరం మీదే దాడి చేసే కీళ్లవాతం వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు తగ్గుతాయని ఆలోచించారు. సబబైన ఆలోచనే. అలిసన్ తిరగేసి అడిగారు: బ్రేకు వదిలేస్తే టీ కణాలు కణితి మీద పడవా? 1994 చివర్లో, కణితులున్న ఎలుకలకు ఆ బ్రేకుకు అతుక్కుని దాన్ని అడ్డుకునే యాంటీబాడీ అనే ప్రోటీన్‌ను ఎక్కించారు. కణితులు కరిగిపోయాయి. నమ్మకం కుదరక క్రిస్మస్ సెలవుల్లోనే ప్రయోగం మళ్లీ చేశారు. ఫలితం అదే.

ఎలుకల నుంచి మనుషులకు అనుమతి పొందిన మందు దాకా రావడానికి మాత్రం పదిహేనేళ్లకు పైగా పట్టింది. మందుల కంపెనీలు మొదట ముందుకు రాలేదు. పైగా కొలతలోనే చిక్కు ఉంది. కీమోథెరపీకి అలవాటుపడిన కళ్లు, కొన్ని వారాల్లో కణితి చిన్నదైందా అని చూస్తాయి. ఈ మందుతో టీ కణాలు కణితిలోకి చొరబడినప్పుడు కొందరిలో అది ముందు ఉబ్బి, ఆ తర్వాత తగ్గేది. పాత కొలబద్దతో చూస్తే మందు ఓడినట్టే. రోగి ఎంతకాలం బతికాడో లెక్కించినప్పుడే దాని సత్తా బయటపడింది. 2011 మార్చిలో, ముదిరిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు, సీటీఎల్‌ఏ-4ను అడ్డుకునే ఈ మందును ఇపిలిముమాబ్ పేరుతో అమెరికా అనుమతించింది.

బ్రేకు వదిలిన బస్సు ఘాట్‌లో ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. రెచ్చిన టీ కణాలు పేగు, చర్మం, కాలేయం, హార్మోన్ గ్రంథుల మీద కూడా పడతాయి. విరేచనాలతో మొదలై ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

పీడీ-1 అనే రెండో బ్రేకును 1992లో జపాన్‌లోని క్యోటోలో తసుకు హొంజో బృందం కనుగొంది. 2018 నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

(తెరపై: కర్నూలు వీధిలో కిళ్లీ కొట్టు. వేలాడుతున్న ప్యాకెట్లు.)

మెలనోమా మనకు అరుదు. మన గొడవంతా పొగాకు, గుట్కా తెచ్చే నోటి క్యాన్సర్‌తోనే. దీనికి పనికొచ్చేది పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్. మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. ఖర్చు లక్షల్లో. వేరుశనగ చేలో కూలికి వెళ్లే ఇంటికి ఆ మాట చెప్పి ప్రయోజనం లేదు.

అందుకే ముంబై టాటా మెమోరియల్ వైద్యులు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. రోగులంతా తల, మెడ భాగాల క్యాన్సర్ ముదిరి, పూర్తిగా నయమయ్యే దశ దాటినవారు. నోటితో మింగే చవక మందులు మాత్రమే తీసుకున్నవారిలో ఏడాది తర్వాత నూటికి 16 మంది బతికి ఉన్నారు. వాటికి ఈ చిన్న మోతాదు తోడైనవారిలో 43 మంది. ఆ చవక మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన మందే అది!

ఇంత తక్కువతో ఎలా? టీ కణాల మీద ఉన్న పీడీ-1 అణువులను కప్పడానికి కొద్దిపాటి ఔషధమే సరిపోతుంది. ఆపైన ఎంత ఎక్కించినా కప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. చికిత్స కోసం హైదరాబాద్ బస్సెక్కే కర్నూలు కుటుంబాలు, "తక్కువ మోతాదు నివోలుమాబ్ మా రోగికి పనికొస్తుందా?" అని క్యాన్సర్ వైద్యుణ్ని అడగవచ్చు.