ఇద్దరు పిల్లలు, రెండు వయసులు

శ్రోతలందరికీ నమస్కారం.

ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటి గురించి మాట్లాడమంటే ఎవరైనా పని గురించే మొదలుపెడతారు. ఉతికే గుడ్డలు రెట్టింపు, పాల ఖర్చు రెట్టింపు, నిద్ర సగం. పెంచినవాళ్ళకు అది నేను చెప్పక్కర్లేదు, పెంచనివాళ్ళు చెప్పినా నమ్మరు. అందుకని దాన్ని వదిలేస్తాను. ఇద్దరు పిల్లలంటే ఇంట్లో రెండు వయసులు ఉన్నట్టు. ఏడాదిన్నర బిడ్డకు సరిపోయేది ఐదేళ్ళ బిడ్డకు చాలదు. ఐదేళ్ళ బిడ్డ హాయిగా తినేది ఏడాదిన్నర బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది. మనమేమో "పిల్లలు" అని ఇద్దర్నీ ఒకటే లెక్కలో వేసేస్తాం. నా మాటలన్నీ ఈ లెక్క గురించే.

మేముండేది అనంతపురంలో. నేను హైస్కూలు టీచరుని, మా ఆవిడ స్టాఫ్ నర్సు. ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ పడిన వారాల్లో, నేను బడి నుంచి వచ్చినప్పటి నుంచి రాత్రి ఆమె వచ్చేదాకా ఇల్లు నా మీదే. పాపకు ఐదు నిండి ఆరు నడుస్తోంది. బుడ్డోనికి ఏడాదిన్నర.

మన జిల్లాలో ఈ విషయం ఎత్తుకుంటే చెనిక్కాయల దగ్గరే ఎత్తుకోవాలి. జూన్, జూలైల్లో వాన పడితే విత్తుతారు. దసరా, దీపావళి ప్రాంతానికి చెట్లు పీకుతారు. ఇక పచ్చివి ఉడకేసుకోవడం, ఎండినవి వేయించుకోవడం, బస్సెక్కితే ఒక పొట్లం, బస్సు దిగితే ఒక పొట్లం. విత్తనానికి కాయలు ఒలిచే రోజుల్లో పల్లెల్లో పంచ నిండా గింజలే, పిల్లలు వాటిలోనే పొర్లుతుంటారు. మా అమ్మ కళ్యాణదుర్గం వైపు మా ఊరి నుంచి వచ్చిందంటే ఒక సంచి కాయలు రావాల్సిందే. ఈసారి కూడా కమ్మగా వేయించి పాప ముందర ఒక పిడికెడు, బుడ్డోని ముందర ఒక పిడికెడు పోసింది. మనవళ్ళ మధ్య తేడా చూపకూడదు కదా! మా ఆవిడ వచ్చి వాని ముందరివి ఎత్తేసింది.

"వానికొద్దత్తా. వానికింగా దవడపండ్లు సరిగ్గా రాలేదు."

"నీ మొగుడు ఏం తిని పెరిగినాడనుకుంటివి? కల్లంలో కూచోని చెనిక్కాయలే తినేవాడు. మీకే యాడలేని భయాలన్నీ."

"తినొద్దంటానా అత్తా? పొడి కొట్టి బెల్లమేసి ఉంటలు చేద్దాం. అవైతే తింటాడు."

మా అమ్మ చెప్పిందీ అబద్ధం కాదు. మా తరమంతా అట్లనే పెరిగాం. ఏమీ కానివాళ్ళమే ఇప్పుడు ఆ కబుర్లు చెప్పడానికి మిగిలాం, అది వేరే సంగతి.

ముందుపండ్లతో కొరకడం పిల్లలకు తొందరగానే వస్తుంది. నమలాలంటే మాత్రం దవడపండ్లు కావాలి. వాటిలో మొదటివి ఏడాది దాటాక మొలుస్తాయి. వెనకవి రెండేళ్ళ ప్రాంతంలో, కొందరికి రెండున్నర కూడా దాటాక. పండ్లొచ్చినా, కుదురుగా నమిలి మింగడం అలవాటు కావడానికి ఇంకా కాలం పడుతుంది. అంతవరకూ గింజ నోట్లో రెండు బద్దలవుతుంది, అంతకంటే నలగదు. ఆ బద్ద నోట్లో ఉండగా నవ్వితేనో, ఏడిస్తేనో, అక్క వెంట పరుగెత్తితేనో ఊపిరితో పాటు గాలిగొట్టంలోకి పోతుంది. ఆ గొట్టం లోపల రెండుగా చీలుతుంది. కుడివైపుది కాస్త వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి గింజ ఎక్కువగా అటే జారుతుంది.

చెనిక్కాయతో ఇంకో చిక్కుంది. అందులోని నూనె వల్ల లోపలి పొర ఒరిసి వాస్తుంది. ఎక్స్‌రే తీస్తే పిన్నీసు కనపడినట్టు గింజ కనపడదు. బిడ్డ మొదట ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు, కాసేపటికి దగ్గు ఆగిపోతుంది, ఇంట్లోవాళ్ళు పోయిందిలే అనుకుంటారు. తర్వాత మొదలవుతుంది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చే దగ్గు, జ్వరం, రొమ్ములో పిల్లికూతలు. ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు, ఫలానా రోజు ఏదో తింటూ ఉక్కిరిబిక్కిరైనాడని గుర్తుపెట్టుకుని చెప్పండి. డాక్టరుకు ఆ ఒక్క మాట చాలా పనికొస్తుంది. బ్రాంకోస్కోపు అనే గొట్టం వేసి గింజ తీసే పద్ధతి ఉంది.

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గు రాక, ఏడుపు రాక, ఊపిరి ఆడకపోతేనే మనం చెయ్యి వేయాలి. ముందుకు వంచి, వీపు మీద భుజాల మధ్య అరచేతి మొదలుతో ఐదు దెబ్బలు. అప్పటికీ రాకపోతే, ఏడాది దాటిన బిడ్డనైతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేట్టు ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద తట్టి, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యన నొక్కాలి. కనపడని గింజ కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఇదంతా చేస్తుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

పిల్లల డాక్టర్లు కొందరు నాలుగేళ్ళు, కొందరు ఐదేళ్ళు నిండేదాకా గింజలు అట్లాగే పెట్టవద్దంటారు. మా పాప ఆ గీత దాటింది, బుడ్డోడు దాటలేదు. అక్కడుంది తంటా అంతా. పాప తింటుంది, నాలుగు గింజలు కింద రాలతాయి, వాడు పాక్కుంటూనో తప్పటడుగులేసుకుంటూనో పోయి మనకంటే ముందు వాటిని కనిపెడతాడు. అందుకని మా ఇంట్లో కాయలు తినేది వాడు నిద్రపోయినాకే. రాలినవి ఏరే పని పాపకు పెట్టము, పెద్దవాళ్ళమే ఏరతాం. ఐదేళ్ళ పిల్ల మరచిపోతుంది, మరచిపోవడం ఆ వయసు లక్షణం. ఒక ప్రాణాన్ని ఆ పిల్ల జ్ఞాపకశక్తి మీద పెట్టడం నాకు న్యాయమనిపించదు.

నీళ్ళ సంగతి కూడా ఇంతే. మనది దేశంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. కుళాయి నీళ్ళు రోజూ రాని వీధుల్లో బకెట్లు, టబ్బులు, డ్రమ్ములు, సంపు, దేన్నీ ఖాళీగా ఉంచం. పాపకు స్నానాల గదిలో బకెట్ అంటే ఆట. చెంబుతో పోసుకుంటుంది, పాడుకుంటుంది. అదే బకెట్‌లోకి బుడ్డోడు తొంగి చూస్తే, ఆ వయసులో ఒంటి లెక్కన తల బరువెక్కువ కాబట్టి తలకిందులవుతాడు. మళ్ళీ లేచే బలం చేతుల్లో ఉండదు. అడుగున మూడు నాలుగు వేళ్ళ లోతు నీళ్ళున్నా చాలు. సినిమాల్లో మాదిరి అరవడం, చేతులు కొట్టుకోవడం ఏమీ ఉండదు, పక్కగదిలో ఉన్నవాళ్ళకు కూడా తెలియదు. డ్రమ్ముకు మూత, సంపుకు తాళం, స్నానాల గదికి పైగడియ, వాడేసిన బకెట్ బోర్లించడం. నీళ్ళు దొరకని ఊళ్ళో బకెట్ బోర్లించమంటే కోపం రావచ్చు. మూత ఉన్న డ్రమ్ములోకి వంచుకోండి.

వంటింట్లోకి పోతూ "తమ్ముణ్ణి చూసుకోమ్మా, పెద్దదానివి కదా" అనే మాట మన ఇళ్ళలో ఎంత సులువుగా వస్తుందో గమనించండి. నిన్నటిదాకా చంకనెక్కిన పిల్ల, తమ్ముడు పుట్టిన తెల్లారికే పెద్దదైపోతుంది. చుట్టాలు వస్తారు, బిడ్డను చూస్తారు, పాపవైపు తిరిగి "ఇంగ నిన్నెవరు ఎత్తుకుంటారే?" అని నవ్వుతారు. దాన్ని తమాషా అనుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ పిల్ల మూడోనాడు పక్క తడిపితే, పాలసీసా కావాలని మారాం చేస్తే, ఇంత పెద్దదానివి సిగ్గులేదా అంటాం. పిల్లల్లో ఐదేళ్ళ లోపు పక్క తడవడాన్ని జబ్బుగా డాక్టర్లే లెక్కపెట్టరు. తమ్ముడో చెల్లెలో పుట్టాక వచ్చిన పాత అలవాట్లు, తిట్టకుండా ఉంటే మామూలుగా కొన్నాళ్ళకు వాటంతటవే పోతాయి.

మా ఇంట్లో సాయంత్రం సగం తగువులే. పాప బొమ్మలు వరసగా పేర్చి బడి పెట్టుకుంటుంది, వాడు వచ్చి ఒక్క తోపుతో బడి మూసేస్తాడు. "నాయనా, వీన్ని ఊరికి పంపించెయ్" అని ఒకటే అరుపు. వానికి కలిసి ఆడుకోవడం ఇంకా తెలియదు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లోనే, బడికి పోని వయసు పిల్లల ఆటను గమనించి, మొదట ఒంటరిగా, తర్వాత పక్కపక్కన కూచుని ఎవరి ఆట వాళ్ళు, ఆ తర్వాతే ఒకరితో ఒకరు కలిసి ఆడతారని రాసింది. మా పాప ఆ చివరి మెట్టు మీద ఉంది, వాడింకా మొదటి మెట్లు దాటలేదు. ఇద్దర్నీ నిలబెట్టి న్యాయం చెప్పినా వానికి అర్థం కాదు, పాపకేమో అన్యాయంగా తోస్తుంది. అందుకని నేను తీర్పు మానేసి చోటు మార్చాను. బడి ఇప్పుడు మంచం మీద నడుస్తుంది, వాడు మంచం ఎక్కలేడు. ఎక్కడం నేర్చినాక ఏం చేయాలో అప్పుడు చూస్తాం.

ఫోను దగ్గరా అదే చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం రెండేళ్ళు నిండని బిడ్డకు తెర చూపించడమే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంటకు మించకూడదు. పాప కోసం బొమ్మల వీడియో పెడితే వాడు ఆమె భుజం మీంచి చూస్తాడు. కాబట్టి ఇంట్లో చిన్నవాని లెక్కే నడుస్తుంది, పాప దానికి ఒప్పుకోదు, గొడవ పడుతుంది, పడనివ్వండి.

నిద్ర మాత్రం ఎవరి లెక్క వాళ్ళకుండాలి. ఏడాది, రెండేళ్ళ వాళ్ళకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటలు కావాలంటారు. మే నెల ఉక్కలో, రాత్రి కరెంటు పోతే, ఆ అంకెలు ఎవరికి గుర్తుంటాయి? మిగతా రోజుల్లోనైనా బుడ్డోణ్ణి ముందు పడుకోబెడితే పాపకు కాసేపు అమ్మో నాయనో మిగులుతారు. ఆ కాసేపట్లో గొప్పగా ఏమీ చేయం. బళ్ళో ఎవరు ఎవర్ని గిల్లారో చెబుతుంది, వేయించిన చెనిక్కాయలు ఒలుచుకుని తింటాం. ఒక్కోసారి ఏం మాట్లాడకుండా నా ఒళ్ళో ఎక్కి బుడ్డోని మాదిరి పడుకుంటుంది.

తిండికి రెండు వంటలు అక్కర్లేదు. పప్పులో కారం వేసే ముందు వానికి రెండు గరిటెలు పక్కకు తీస్తే చాలు. రాత్రి రాగిసంగటి చేస్తే వానికి ఆ పప్పు, నెయ్యి వేసి మెత్తగా పిసికి పెడతాం. పాపకు ముద్దగానే కావాలి, మధ్యలో గుంట పెట్టి నెయ్యి పోయాలి. మాకు ఊరుబిండి. పొద్దున ఉగ్గాని చేస్తే వానికి మిరపకాయ ముక్కలు ఏరి పెడతాం, పాప తనే ఏరి పక్కన పెట్టుకుంటుంది. మిరపకాయ బజ్జీ మీద ఇద్దరికీ కన్నుంది కానీ ఇంకా ఇవ్వలేదు.

వయసుల లెక్క ఇంట్లో మనం మరచిపోయినా సర్కారు మరచిపోలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్, అంటే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద నడిచే అంగన్‌వాడీల్లో మూడేళ్ళ లోపు బిడ్డకు సరుకులు ఇంటికిస్తారు, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అక్కడే వేడిగా వండి పెడతారు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం. ఏడాది దాటి రెండేళ్ళు నిండని బిడ్డకు ఆల్బెండజోల్ సగం మాత్ర, రెండేళ్ళు దాటినవాళ్ళకు పూర్తి మాత్ర. చిన్నవాళ్ళకు పొడి చేసి నీళ్ళలో కలిపి ఇవ్వాలి, గొంతుకు అడ్డం పడకుండా. ఇక్కడ కూడా చెనిక్కాయ కథే.

టీకాల దగ్గర చిన్నవాళ్ళవి మనం బాగానే గుర్తుపెట్టుకుంటాం. వాళ్ళకు 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) మొదటి బూస్టరు, పోలియో బూస్టరు పడాలి. నర్సమ్మ గుర్తు చేస్తుంది, మనమూ తీసుకుపోతాం. పెద్దబిడ్డకు ఐదారేళ్ళ మధ్య డీపీటీ రెండో బూస్టరు ఒకటుంది. అప్పటికి ఆ బిడ్డ కార్డు ఎక్కడో బట్టల కింద చేరి ఉంటుంది. పెద్దదైంది కదా, దానికింకా టీకాలేంటి అనుకుంటాం. మీ ఇంట్లో ఆ వయసు బిడ్డ ఉంటే ఈ పూట ఆ కార్డు తీసి ఒకసారి చూడండి. ఆ గడి ఖాళీగా ఉంటే, చిన్నవాణ్ణి తీసుకుపోయే రోజునే ఇద్దర్నీ తీసుకుపోండి.

నమస్కారం.