గోల్ఫ్‌లో కార్ట్ పాత్ (బండ్లు తిరిగే దారి) మీద బాల్ ఆగితే ఎత్తే ముందు ఏం చూడాలి?

[దృశ్యం: కాంక్రీట్ కార్ట్ పాత్ మధ్యలో తెల్ల బాల్. కెమెరా నేల ఎత్తులో ఉంటుంది.]

నమస్కారం అండి. ఈ బాల్ చూడండి. టీ (హోల్ మొదలయ్యే చోటు) నుంచి కొట్టిన షాట్ కుడికి తిరిగింది, కాంక్రీట్ మీద రెండు గెంతులు వేసింది, దారి మధ్యలో వచ్చి ఆగింది. ఇలాంటప్పుడు మనలో చాలామంది నేరుగా వెళ్లి, వంగి, బాల్ చేతిలోకి తీసుకుంటారు. "ఫ్రీ డ్రాప్ కదా", అంటే పెనాల్టీ లేకుండా బాల్‌ని పక్కన వదలొచ్చు కదా అనుకుంటూ పక్కనే ఉన్న మంచి గడ్డి వైపు నడుస్తారు.

అలా వంగే ముందు ఒక్క నిమిషం ఆగమని అడగడానికే ఈ వీడియో చేస్తున్నాను.

[దృశ్యం: యాంకర్ పాత్ పక్కన నిలబడి మాట్లాడుతుంటాడు.]

నేను టెక్సస్‌లో ఒక పబ్లిక్ కోర్సులో ఆడిన మొదటి పోటీలో ఇదే జరిగింది. పాత్‌కి ఎడమవైపు మోకాలి దాకా రఫ్, అంటే పెరిగిన గడ్డి. కుడివైపు పొట్టిగా కత్తిరించి దువ్వినట్టున్న ఫెయిర్‌వే. ఫ్రీ రిలీఫ్ (పెనాల్టీ లేకుండా అడ్డంకి నుంచి తప్పుకునే అవకాశం) అంటే రెండు వైపుల్లో నాకు నచ్చింది తీసుకోవచ్చని నమ్మి, బాల్ ఎత్తి కుడివైపు డ్రాప్ చేసి కొట్టాను. నాతో ఆడుతున్న పెద్దాయన అప్పుడు అవతల తన బాల్ వెతుక్కుంటున్నారు. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గర కలిసినప్పుడు విషయం చెప్పాను. "బాబూ, నువ్వు కుడిచేతి ఆటగాడివి. నీ బాల్ ఎడమవైపే పడాలి కదా" అన్నారు. రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది. ఆయన చాలా మెత్తగానే చెప్పారు కానీ, ఆ రోజంతా ఆ మాటే చెవిలో తిరిగింది. కుడిచేతి వాటానికీ, బాల్ ఎటు పడాలనే దానికీ సంబంధం ఏంటి? ఆ సంగతి అర్థమైన రోజున ఈ రూల్ మొత్తం అర్థమైంది.

[తెరపై అక్షరాలు: రూల్ 16.1]

ముందు రూల్ ఎక్కడుందో చెప్తాను. గోల్ఫ్ రూల్స్‌ని స్కాట్లండ్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ కలిసి రాస్తాయి. 2019లో పెద్ద మార్పులు చేశారు, 2023లో మరికొన్ని. మనకి కావలసింది రూల్ 16.1. కాంక్రీట్, తారు, కంకర, చెక్క పొట్టు లాంటివి వేసి మనుషులు తయారుచేసిన దారిని ఈ రూల్ కదలని అడ్డంకి కింద లెక్కిస్తుంది. స్ప్రింక్లర్ మూతలు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

కానీ జనం నడిచి నడిచి, బండ్లు తిరిగి తిరిగి ఏర్పడిన మట్టి దారి ఈ లెక్కలోకి రాదు. ఎంత గట్టిపడినా అది నేలే. ఆ కోర్సు సొంతంగా పెట్టుకున్న లోకల్ రూల్‌లో వేరేగా రాస్తే తప్ప, బాల్ ఎక్కడుందో అక్కడి నుంచే కొట్టాలి. కాంక్రీట్ పాత్ అయిపోయి మట్టి దారి మొదలయ్యే చోట చాలా గొడవలు జరుగుతుంటాయి, అక్కడ జాగ్రత్తగా ఉండండి.

[దృశ్యం: ఆటగాడి పాదాలు పాత్ మీద, బాల్ గడ్డిలో.]

బాల్ పాత్ మీద ఉంటేనే రిలీఫ్ అని కాదు. బాల్ గడ్డిలో ఉన్నా, కొట్టడానికి నిలబడితే పాదం పాత్ మీద పడుతోందా? రిలీఫ్ ఉంది. స్వింగ్ చేస్తే క్లబ్ (కొట్టే కర్ర) పాత్‌కి తగులుతుందా? అప్పుడూ ఉంది. పాత్ పక్కనే ఉంది, చూస్తే టెన్షన్‌గా ఉంది అంటే మాత్రం లేదు. మీకూ హోల్‌కీ మధ్యలో పాత్ అడ్డంగా పోతోందన్నా లేదు. బాల్ గ్రీన్ మీద ఉన్నప్పుడు మాత్రమే బాల్ వెళ్లే దారికి అడ్డం వచ్చే వస్తువు నుంచి రిలీఫ్ దొరుకుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

[దృశ్యం: పై నుంచి పాత్ చిత్రం. మధ్యలో బాల్. హోల్ పైవైపు.]

రూల్ మనల్ని వెతకమనేది ఒక్క బిందువుని. బాల్ ఆగిన చోటికి అన్నిటికంటే దగ్గరగా ఉండాలి, హోల్‌కి దగ్గర కాకూడదు, బాల్ జనరల్ ఏరియాలో (టీ, గ్రీన్, ఇసుక గుంటలు, పెనాల్టీ ఏరియాలు కాని మిగతా కోర్సులో) ఉంటే ఆ బిందువూ అక్కడే ఉండాలి. అక్కడ బాల్ ఉందనుకుంటే బాల్‌కీ, పాదాలకీ, స్వింగ్‌కీ మూడింటికీ పాత్ తగలకూడదు. ఇంగ్లిష్‌లో దీన్ని నియరెస్ట్ పాయింట్ ఆఫ్ కంప్లీట్ రిలీఫ్ అంటారు. మనవాళ్లు కోర్సులో నియరెస్ట్ పాయింట్ అనేస్తారు. అలా అనడంలో కంప్లీట్ అన్న మాట జారిపోతుంది. తప్పులన్నీ ఆ జారిన మాట దగ్గరే జరుగుతున్నాయని నాకనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. పాత్ వెడల్పు 8 అడుగులు, హోల్ వైపే పోతోంది. బాల్ సరిగ్గా మధ్యలో, అంటే అటు 4, ఇటు 4 అడుగులు. మీరు కుడిచేతి ఆటగాడు. హోల్ వైపు చూస్తే మీరు ఎప్పుడూ బాల్‌కి ఎడమపక్కన నిలబడతారు.

[దృశ్యం: చిత్రంలో ఎడమ అంచు దగ్గర బొమ్మ పాదాలు వెలుగుతాయి.]

ఎడమవైపు వెళ్దాం. బాల్ పాత్ అంచు దాటి గడ్డిలోకి ఒక అర అడుగు వస్తే, క్లబ్ కాంక్రీట్‌కి తగలదు. మీ పాదాలు బాల్‌కి ఇంకా ఎడమన ఉంటాయి కాబట్టి అవి ఎలాగూ గడ్డి మీదే. మొత్తం దూరం దాదాపు నాలుగున్నర అడుగులు.

[దృశ్యం: అదే బొమ్మ కుడి అంచు దగ్గరికి మారుతుంది.]

ఇప్పుడు కుడివైపు. ఇక్కడ మీరు పాత్‌కీ బాల్‌కీ మధ్యలో నిలబడాలి. మడమలు పాత్ అంచు దాటాలి. అక్కడి నుంచి పాదం ఒక అడుగు, పాదం ముందు బాల్ ఇంకో రెండు అడుగులు. అంటే బాల్ అంచు నుంచి 3 అడుగుల అవతల ఉండాలి. మొత్తం 7 అడుగులు.

నాలుగున్నర ఎక్కడ, 7 ఎక్కడ? బాల్ సరిగ్గా మధ్యలో ఉన్నా, రెండు వైపులూ సమానం కావు. బాల్ మధ్య నుంచి కుడికి ఒక అడుగు జరిగినా ఎడమవైపే దగ్గర అవుతుంది. ఎడమచేతి ఆటగాడికి ఇదంతా తలకిందులు, వాళ్లకి కుడివైపు దగ్గర. ఆ పెద్దాయన చెప్పింది ఇదే. నేను గడ్డిని చూశాను, ఆయన నా పాదాలు ఎక్కడ పడతాయో చూశారు.

అంకెలు మీ ఎత్తుని బట్టి, తీసుకునే క్లబ్‌ని బట్టి కొద్దిగా మారతాయి. అందుకే నోటి లెక్క వద్దు. పాత్ లేకపోతే ఆ షాట్‌కి ఏ క్లబ్ తీసేవారో ఆ క్లబ్ తీయండి. ఎడమవైపు నిలబడి చూసి, క్లబ్ తల ఆనిన చోట టీ (బాల్ నిలబెట్టే చిన్న పుల్ల) గుచ్చండి. కుడివైపు కూడా అలాగే. తర్వాత బాల్ నుంచి రెండు టీలకీ దూరం చూడండి. నిమిషం కూడా పట్టదు.

[దృశ్యం: రెండు టీలు. ఒకటి పొద పక్కన.]

గమనించారా, ఇప్పటిదాకా బాల్‌ని ముట్టుకోలేదు. కారణం ఉంది. నియరెస్ట్ పాయింట్ పొదలో పడొచ్చు, లోతైన రఫ్‌లో పడొచ్చు, చెట్టు వెనక పడొచ్చు. రూల్ హామీ ఇచ్చేది పాత్ నుంచి తప్పించడం వరకే, మంచి గడ్డి ఇస్తానని ఎక్కడా అనలేదు. అలాంటప్పుడు రిలీఫ్ తీసుకోవాలన్న నిర్బంధం లేదు, కాంక్రీట్ మీద నుంచే కొట్టొచ్చు. టీవీలో పెద్ద ఆటగాళ్లు పాత్ మీద నుంచి కొట్టడం చూసి ఆశ్చర్యపోతుంటాం. వాళ్లు గీతలు పడే క్లబ్ గురించి కాదు, పక్కనున్న రఫ్ గురించి ఆలోచించి ఆ పని చేస్తారు.

కానీ బాల్ ఒకసారి ఎత్తాక "అబ్బే, వద్దులే" అని తిరిగి కాంక్రీట్ మీద పెడితే ఒక స్ట్రోక్ పెనాల్టీ. రిలీఫ్ తీసుకోవడానికని ఎత్తారు, రిలీఫ్ తీసుకోలేదు, మరి ఎత్తే హక్కు ఎక్కడిది? అందుకే ముందు టీలు గుచ్చమన్నాను.

[దృశ్యం: డ్రైవర్ నేల మీద పడుకోబెట్టి కొలవడం.]

సరే, రిలీఫ్ తీసుకుంటున్నారు. ఆ టీ నుంచి ఒక క్లబ్ లెంగ్త్ కొలవండి. పటర్ (గ్రీన్ మీద వాడే క్లబ్) కాకుండా మీ బ్యాగులో అన్నిటికంటే పొడవైన క్లబ్‌తో కొలవాలి, అంటే మామూలుగా డ్రైవర్. అది దాదాపు 45 అంగుళాలు ఉంటుంది. ఆ పరిధిలో హోల్‌కి దగ్గర కాని, పాత్ నుంచి పూర్తిగా తప్పుకునే భాగమే మీ రిలీఫ్ ఏరియా. బాల్ తుడుచుకోవచ్చు, కావాలంటే వేరే బాల్ వాడొచ్చు.

డ్రాప్ మోకాలి ఎత్తు నుంచి. 2019కి ముందు భుజం ఎత్తు నుంచి వదిలేవారు, ఆ అలవాటు ఉన్నవాళ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తారు. బాల్ రిలీఫ్ ఏరియాలో పడాలి, అందులోనే ఆగాలి. దొర్లి బయటికి పోతే రెండోసారి డ్రాప్. మళ్లీ పోతే, రెండో డ్రాప్‌లో బాల్ నేలని మొదట తాకిన చోట చేత్తో పెట్టాలి. డ్రాప్ చేశాక నిలబడి చూస్తే మడమ ఇంకా పాత్ మీద పడుతోందా? అయితే రిలీఫ్ పూర్తి కాలేదు, మళ్లీ డ్రాప్ చేయాలి. "కొంచెమే కదా" అని కొడితే తప్పు చోటు నుంచి ఆడినట్టే. స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే ఆటలో) రెండు స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో (ఒక్కో హోల్ గెలుస్తూ ఆడే ఆటలో) ఆ హోల్ పోయినట్టే.

బాల్ బంకర్‌లో (ఇసుక గుంటలో) ఉన్నప్పుడు ఫ్రీ రిలీఫ్ బంకర్ లోపలే. బయటికి రావాలంటే ఒక స్ట్రోక్ ఇవ్వాలి. ఎర్ర గీత, పసుపు గీతల లోపల, అంటే పెనాల్టీ ఏరియాలో బాల్ ఉంటే ఫ్రీ రిలీఫ్ అసలు లేదు. వాగు మీద వంతెనపై బాల్ ఆగిందనుకోండి. ఆ వంతెన గీతల మధ్య ఉంటే అక్కడి నుంచే కొట్టాలి, లేదా పెనాల్టీతో బయటికి తీసుకోవాలి.

[దృశ్యం: పెద్ద బండరాళ్ల మధ్య ఇరుక్కున్న బాల్, పక్కనే పాత్.]

హైదరాబాద్‌లో ఆడేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. గచ్చిబౌలి వైపు బోల్డర్ హిల్స్ చూసినవాళ్లకి తెలుసు, అక్కడ రాళ్లు ఎలా ఉంటాయో. బాల్ రెండు బండల మధ్య ఇరుక్కుంది, ఏ క్లబ్‌తోనూ కొట్టలేరు. అయితే నిలబడితే ఒక పాదం కార్ట్ పాత్ మీద పడుతోంది. పాదం పేరు చెప్పి రిలీఫ్ అడగొచ్చా? కుదరదు. ఆ బండలు ప్రకృతి పెట్టినవి, వాటి నుంచి ఉచితంగా తప్పించుకునే దారి లేదు. పాత్ లేకపోయినా మీరు ఆ బాల్ కొట్టలేరు, కాబట్టి పాత్ మీకు అడ్డం వచ్చినట్టు కాదు. మామూలుగా ఎవరూ నిలబడని విధంగా కాలు చాపి "ఇదిగో, తగులుతోంది" అన్నా ఇదే సమాధానం. ఇంత న్యాయంగా ఆలోచించే రూల్ కాబట్టే నాకు దీని మీద గౌరవం.

[దృశ్యం: స్కోర్ కార్డు వెనక వైపు.]

చివరగా, ఆట మొదలయ్యే ముందు స్కోర్ కార్డు వెనక లోకల్ రూల్స్ చదవండి. ఏదైనా దారిని కోర్సులో భాగంగా ప్రకటించే అధికారం ఆట నడిపే కమిటీకి ఉంది. అలా ప్రకటిస్తే ఆ దారి నుంచి రిలీఫ్ లేదు. దీనికి ప్రపంచంలోనే పేరున్న ఉదాహరణ స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ 17వ హోల్. దాన్ని రోడ్ హోల్ అనే పిలుస్తారు. గ్రీన్ వెనక రోడ్డు, రోడ్డు అవతల రాతి గోడ. బాల్ రోడ్డు మీదికి పోతే రోడ్డు మీద నుంచే కొట్టాలి.

1984 బ్రిటిష్ ఓపెన్ చివరి రోజున అమెరికా ఆటగాడు టామ్ వాట్సన్ అక్కడ 2 ఐరన్ క్లబ్‌తో కొట్టిన షాట్ గ్రీన్ దాటి, రోడ్డు దాటి, గోడ దగ్గర ఆగింది. అప్పటికి ఐదు ఓపెన్‌లు గెలిచిన మనిషి. ఆరోది గెలిస్తే హ్యారీ వార్డన్ రికార్డుతో సమానం. గోడ వల్ల వెనక్కి స్వింగ్ తీయడానికి చోటు లేదు, ఆ హోల్‌లో బోగీ (అనుకున్న లెక్క కంటే ఒక స్ట్రోక్ ఎక్కువ) వచ్చింది. స్పెయిన్ ఆటగాడు సెవే బాలెస్టెరోస్ 18వ హోల్‌లో బర్డీ (ఒక స్ట్రోక్ తక్కువ) కొట్టి గెలిచాడు.

[దృశ్యం: రాతి గోడ బొమ్మ. బాణం గుర్తు గోడ వైపు వెళ్లి, అక్కడి నుంచి గ్రీన్ వైపు తిరుగుతుంది.]

2010 ఓపెన్‌లో మిగెల్ ఏంజెల్ హిమెనెస్ బాల్ కూడా అదే గోడ దగ్గర ఆగింది. గ్రీన్ వైపు కొట్టడానికి గోడ అడ్డం. రిలీఫ్ లేదు. ఆయన గ్రీన్‌కి వీపు పెట్టి నిలబడి, బాల్‌ని గోడకేసి కొట్టాడు. అది గోడకి తగిలి, ఎగిరి, ఆయన మీదుగా వెనక్కి వచ్చి గ్రీన్ మీద పడింది.