నడక సరే, మరి నూనె క్యాన్ సంగతేంటి? జిమ్‌కు వెళ్లకుండా బరువు తగ్గే లెక్క

నమస్తే అండీ. తెల్లవారుజామున ఐదు గంటలకు తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ లోపలికి వెళ్లి చూడండి. కొండ కింద ఆ చెట్ల మధ్య ఎంతమంది నడుస్తుంటారో! రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, చీర కొంగు నడుముకు దోపుకొని కాళ్లకు బూట్లు వేసుకున్న అమ్మలు. కపిలతీర్థం రోడ్డులోనూ అంతే, చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లోనూ అంతే. వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "ఏడాదిగా నడుస్తున్నా, కిలో కూడా తగ్గలేదు." ఆ మాట నిజం. చలిలో, చీకట్లో లేచి వచ్చే మనుషులకు బద్ధకం అనే మాట అంటగట్టడం అన్యాయం. ఈ వీడియో వాళ్ల కోసమే.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. రోజూ నడుస్తూ, భారీ వర్కవుట్లు ఏవీ చేయకుండా బరువు తగ్గొచ్చు. కానీ దానికి నడక ఒక్కటే చాలదు. ఇంట్లో నూనె ఎంత ఖర్చవుతోంది, బియ్యం ఎంత వండుతున్నాం అనే లెక్క పక్కన ఉండాలి. 

ముందు నడక లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి మామూలు వేగంతో ఒక కిలోమీటరు నడిస్తే సుమారు 50 క్యాలరీలు ఖర్చవుతాయి. ఐదు కిలోమీటర్లకు 250. గంటసేపు చెమటలు పట్టేలా నడిస్తే వచ్చేది అంతే. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు ఖర్చవ్వాలి. అంటే తిండిలో ఏ మార్పూ రాకుండా నెలంతా రోజూ ఐదు కిలోమీటర్లు నడిస్తే, ఒక కిలో. తిండిలో ఏ మార్పూ రాకుండా అన్నాను కదా, చిక్కంతా అక్కడే ఉంది. నడక అయ్యాక బండి దగ్గర రెండు ఉద్దివడలు, ఒక కాఫీ తీసుకున్నామంటే ఆ 250 అక్కడికక్కడే చెల్లు. చేతికి పెట్టుకునే వాచీలు ఖర్చును కాస్త ఎక్కువ చేసి చూపించడమూ ఉంది. వాచీ 400 చూపించింది కదా అని ఆ 400 తినేయకండి.

ఇక వంటింట్లోకి వద్దాం. ఈ భాగం కొంచెం ఓపిగ్గా వినండి.

చెనక్కాయల నూనె, సన్‌ఫ్లవర్, నువ్వుల నూనె, గానుగ నూనె... ఏదైనా సరే, గ్రాముకు 9 క్యాలరీలు. పిండిపదార్థానికి, ప్రోటీన్‌కు గ్రాముకు 4. గానుగ నూనె మంచిదని ఎక్కువ పోసుకుంటే లెక్క మారదు. లీటరు ప్యాకెట్ మీద చూడండి, 910 గ్రాములు అని రాసి ఉంటుంది. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల క్యాన్ అయిపోతోంది అనుకుందాం. మన వైపు ఇది పెద్ద విశేషమేమీ కాదు. 4,550 గ్రాములను నలుగురికి, ముప్పై రోజులకు పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు వస్తుంది. క్యాలరీల్లో 340. అదే మూడు లీటర్లతో సరిపెడితే మనిషికి 23 గ్రాములు, 205 క్యాలరీలు. తేడా 135. అంటే ఇంట్లో ప్రతి ఒక్కరూ రోజూ రెండున్నర కిలోమీటర్లకు పైగా నడిచినంత. ఎవరూ గడప దాటకుండానే!

అందుకే నేను క్యాలరీ లెక్కను ప్లేటు దగ్గర కాకుండా సరుకుల దగ్గర మొదలుపెట్టమంటాను. ఫోన్ యాప్‌లలో 'ఒక కప్పు సాంబారు' అని ఉంటుంది. ఎవరింటి సాంబారు? ఎంత పప్పు, ఎంత తాలింపు? అది చూసి రాసుకున్న లెక్క మన ఇంటికి సరిపోదు. అదే నూనె, బియ్యం, పప్పు, చక్కెర, చెనక్కాయలు ఈ ఐదింటి నెల ఖర్చు రాసి పెట్టుకుంటే ఇంటి తిండిలో పెద్ద భాగం చేతికి దొరికినట్టే. క్యాన్ తెరిచిన రోజున దాని మీదే పెన్నుతో తేదీ వేయండి. నూనె సీసా వంచి పోయడం మానేసి స్పూనుతో వేయండి. ఒక టీస్పూను నూనె 45 క్యాలరీలు. తాలింపుకు రెండు స్పూన్లు నిజంగానే సరిపోతాయి. పూరీలు, బజ్జీలు నూనెను తాగేస్తాయి కాబట్టి వాటిని వారానికి ఒకసారికి పరిమితం చేయండి. ఆ ఒక్కసారి మాత్రం సంతోషంగా తినండి.

ఇప్పుడు మన చెనక్కాయల చట్నీ, ఊరిబిండి సంగతి. నాకు చాలా ఇష్టమైనవి. చిత్తూరు జిల్లాలో ఎవరికి ఇష్టం ఉండవు చెప్పండి? కానీ వంద గ్రాముల చెనక్కాయల్లో 550కి పైగా క్యాలరీలు ఉంటాయి. ఇడ్లీ ఒకటి 50 నుంచి 60. మూడు ఇడ్లీలు తిని, చట్నీ రెండోసారి, మూడోసారి వడ్డించుకుంటే చట్నీయే ఇడ్లీలను దాటేస్తుంది. మనమేమో "పొద్దున మూడు ఇడ్లీలే తిన్నా" అంటాం. చెనక్కాయలు మంచి తిండి. వాటిని మానమని చెప్పడం లేదు. చట్నీలో వాటి వాటా తగ్గించి టమాటా, ఎర్రగడ్డ పెంచండి. రుచి ఏమీ చెడదు.

రాగి సంగటి గురించి కూడా ఒక మాట. సంగటి తింటే బరువు పెరగరు అనే నమ్మకం బాగా పాతుకుపోయింది. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 320 క్యాలరీలు ఉంటాయి, బియ్యంలో 350. పెద్ద తేడా లేదు. రాగిలో పీచు ఎక్కువ, వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తొందరగా ఆకలి వేయదు. కాబట్టి తప్పకుండా తినండి. ముద్ద సైజు మాత్రం చూసుకోండి. పెద్ద ముద్ద, మీద నెయ్యి, పక్కన నాటుకోడి పులుసు అంటే ఒక పూటకే 700, 800కు చేరుతుంది. చిన్న ముద్ద పెట్టుకొని కోడి ముక్కలు రెండు ఎక్కువ వేసుకోండి, పులుసులో తేలే నూనె పక్కకు తీయండి.

కొన్ని వందల రూపాయలకు చిన్న కిచెన్ తూకం దొరుకుతుంది. జిమ్ ఫీజు కంటే ఆ ఖర్చు మేలు. బియ్యాన్ని పచ్చిగా ఉన్నప్పుడే తూచండి, ఎందుకంటే అన్నం బరువు నీళ్లను బట్టి మారిపోతుంది. మీ ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసు ఉంటుంది కదా, దాన్ని ఒక్కసారి తూచి గోడ మీద రాసి పెట్టుకుంటే చాలు, రోజూ తూచక్కర్లేదు. పట్టికలు కావాలంటే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహారపదార్థాల కూర్పు మీద ఒక పెద్ద పుస్తకమే తెచ్చింది. అందులో 528 రకాల ఆహారపదార్థాల వివరాలున్నాయి. విదేశీ యాప్‌ల కంటే అది మనకు దగ్గర.

మొదటి వారం ఏమీ మార్చకండి. ఏం తింటున్నారో ఉన్నది ఉన్నట్టు రాయండి. టీలు కూడా. రెండు స్పూన్ల చక్కెరతో పాలు చిక్కగా ఉన్న టీ 80 నుంచి 100 క్యాలరీలు ఉంటుంది. ఆఫీసులో నాలుగు తాగేవాళ్లున్నారు. రెండో వారం నుంచి రోజుకు 300, 400 తగ్గించండి. నడకతో మరో 200 కలిస్తే మొదట్లో వారానికి అర కిలో దాకా తగ్గే అవకాశం ఉంది. తర్వాత నెమ్మదిస్తుంది, ఒళ్లు తేలికైన కొద్దీ దాని అవసరమూ తగ్గుతుంది కాబట్టి. తొందరపడి ఆడవాళ్లు 1,200 కంటే కిందికి, మగవాళ్లు 1,500 కంటే కిందికి డాక్టరును అడగకుండా పోవద్దు.

ప్రసాదం సంగతి చాలామంది మొహమాటంగా అడుగుతారు. తిరుపతిలో బంధువులు వచ్చి వెళ్లినప్పుడల్లా ఇంట్లో లడ్డూ ఉంటుంది. మామూలు సైజు లడ్డూ 175 గ్రాముల దాకా ఉంటుంది. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు. ఒక్కటే మొత్తం తింటే ఒక భోజనం తిన్నట్టే. స్వామి ప్రసాదాన్ని వద్దనే మాటే లేదు. కళ్లకద్దుకొని చిటికెడు నోట్లో వేసుకొని, ఇరుగుపొరుగుకు పంచడం మన పెద్దవాళ్ల పద్ధతి. ఆ పద్ధతిలోనే అంతా ఉంది. శనివారం ఒక్కపొద్దుల్లో మాత్రం జాగ్రత్త. పగలంతా ఉండి రాత్రి టిఫిన్ పేరుతో పూరీలు, ఉప్మా కడుపు నిండా తింటే తగ్గేదేమీ ఉండదు. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, మాంసం, గుడ్లు మానేసే ఇళ్లు మనకు ఎక్కువ. ఆ నెలలో పప్పు, పెసలు, అలసందలు, పెరుగు పెంచుకోండి. తగ్గేటప్పుడు ప్రోటీన్ లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. రోజూ కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం లాంటి చిన్న పని వారానికి రెండు మూడు రోజులైనా చేయమంటున్నది కూడా ఆ కండ కోసమే.

ఎన్ని అడుగులు వేయాలి? పదివేలు అనే అంకె 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. వైద్యులు పరిశోధించి తేల్చిన సంఖ్య కాదు. 2022లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 15 అధ్యయనాలను కలిపి చూశారు. 60 దాటినవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే ఆయుష్షు విషయంలో దక్కాల్సిన మేలు దాదాపు దక్కుతోందని తేలింది. కాబట్టి మూడువేలు నడిచే అవ్వ నాలుగువేలు నడిస్తే అది నిజమైన విజయమే. ఒకేసారి కుదరకపోతే మూడు పూటలా తిన్న తర్వాత పది నిమిషాల చొప్పున నడవండి. తిన్న తర్వాత నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి పోకుండా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది చాలా మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు పొద్దున ఎనిమిది గంటల తర్వాత బయట నడవకండి, మిద్దె మీద సాయంత్రం నడవండి.

"అలిపిరి మెట్లు ఎక్కితే తగ్గుతాం కదా?" అని కూడా అడుగుతారు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు వైపు 2,388 మెట్లు. ఎక్కితే క్యాలరీలు బాగానే ఖర్చవుతాయి. కానీ అది మొక్కు, భక్తి. బరువు తగ్గే రోజువారీ పద్ధతిగా దాన్ని చూడొద్దు. 90 కిలోలుండి ఎప్పుడూ నడవని మనిషి ఒక ఆదివారం అలిపిరి దారిలో నిటారుగా ఉండే మోకాళ్ల పర్వతం ఎక్కేసి, తర్వాత మూడు వారాలు మంచానికి అతుక్కుపోతే ఏం లాభం? ముందు రెండు నెలలు సమంగా ఉన్న నేల మీద నడవండి. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఇంకా ఎక్కువ కాబట్టి కొండ మీద నుంచి బస్సులో దిగండి.

తూకం రోజూ చూసుకున్నా సరే, వారం సగటునే నమ్మండి. ఊరగాయ ఎక్కువ తిన్న మర్నాడు కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. నెలసరి ముందు కూడా అంతే. తూకంతో పాటు టేపు పెట్టి నడుము కొలవండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. తూకం కదలకపోయినా నడుము తగ్గే నెలలుంటాయి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టరుతో డోసు మాట్లాడుకోండి, లేకపోతే షుగర్ పడిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కలు పెట్టుకోవద్దు. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చివరగా ఇంట్లోవాళ్లకు. మన ఇళ్లల్లో అందరూ తిన్నాక మిగిలిన అన్నం, పిల్లలు వదిలేసిన దోశ, పారేయలేక అమ్మే తింటుంది. ఆ తర్వాత ఆమెనే "నడిచినా తగ్గవేంటి" అంటాం. నాకు అది చాలా బాధగా ఉంటుంది. వండేది ఆమె కావచ్చు, కానీ ఎంత వండాలో అందరూ కలిసి ముందే చెప్పండి, మిగలకుండా చూడండి. కూరలో నూనె తగ్గితే కంచం పక్కకు తోసేయకండి, పదిహేను రోజులు ఓపిక పట్టండి, నాలుక అలవాటు పడుతుంది. పొద్దున్నే ఆమె నడకకు వెళ్లే గంటలో టీ మీరు పెట్టుకోండి.

ఈ నెల మీ క్యాన్ ఎన్ని రోజుల్లో అయిపోయిందో, ఇంట్లో ఎంతమంది ఉన్నారో కామెంట్లలో రాయండి. మనిషికి ఎంత పడుతోందో లెక్క కట్టి ఒక్కొక్కరికీ జవాబు పెడతాను.