మోటారు విప్పితేనే బిజినెస్ తిరుగుతుంది

(దృశ్యం: అనంతపురంలో వైండింగ్ షాపు. బల్ల మీద విప్పిన బోరు మోటారు.)

అనంతపురం జిల్లాలో ఈ షాపు మెట్లెక్కని రైతు అరుదు. వోల్టేజీ పడిపోయి మోటారు కాలిందంటే నేరుగా ఇక్కడికే తెస్తారు. మెకానిక్ బోల్టులు విప్పి, కాలిన రాగి తీగను గాడుల్లోంచి లాగేసి, కొత్త తీగ చుడతాడు. బుష్షులు అరిగుంటే మారుస్తాడు. బాడీ, షాఫ్టు పాతవే. లాగేసిన రాగి కూడా కిలోల లెక్కన అమ్ముడుపోతుంది.

మెకానిక్ చేతి నేర్పు ఎంత ఉన్నా, కంపెనీ దాన్ని విప్పడానికి వీలుగా చేసింది కాబట్టే ఇది సాధ్యమైంది. వస్తువును డ్రాయింగ్ వేసే రోజే దాని రిపేరు గురించి, పాతబడ్డాక అందులోని సరుకు ఏమవ్వాలన్న దాని గురించి ఆలోచించడమే ఎకో డిజైన్.

(దృశ్యం: సోలార్ ప్యానెల్, పొరలు పొరలుగా.)

ఇప్పుడు కర్నూలు వైపు చూద్దాం. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ప్యానెల్‌లో అద్దం, సెల్స్, వెనక షీటు అన్నీ ఈవీఏ అనే ప్లాస్టిక్‌తో వేడి మీద అతుక్కుని ఉంటాయి. పాతికేళ్లు ఎండావానా తట్టుకోవాలంటే ఆ అతుకు కావాల్సిందే. చిక్కల్లా విడదీసేటప్పుడే. అల్యూమినియం ఫ్రేము తేలిగ్గా ఊడొస్తుంది. లోపలి వెండిని, సిలికాన్‌ను శుభ్రంగా బయటికి తీయడం మాత్రం కష్టం, ఖర్చు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లోకి ప్యానెళ్లు కూడా వచ్చాయి. కాబట్టి ఈ తలనొప్పి ఇక తయారీదారులదే.

మరి విప్పేలా చేస్తే కంపెనీకి ఏం లాభం? అమ్మి చేతులు దులుపుకునే వ్యాపారంలో పెద్దగా ఉండదు, వస్తువు పాడైతే ఇంకోటి అమ్ముకోవచ్చు. నన్ను అడిగితే అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

(దృశ్యం: విమానాశ్రయం లైట్లు.)

2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయం ఫిలిప్స్‌తో వేరే రకం ఒప్పందం చేసుకుంది. లైట్లు కంపెనీవే, విమానాశ్రయం కట్టేది వెలుతురుకు. లైటు పాడైతే చేతి చమురు వదిలేది కంపెనీకి! అందుకే ఏ పార్టుకు ఆ పార్టు మార్చుకునేలా, మామూలు వాటికన్నా 75 శాతం ఎక్కువ కాలం వచ్చేలా ఫిట్టింగులు తయారుచేశారు.

మన బోరు మోటార్లకూ ఈ పద్ధతి రావాలని నా గట్టి కోరిక. మోటారు కంపెనీ పేరు మీదే ఉండి, రైతు పంటకింత అని అద్దె కడితే, తక్కువ వోల్టేజీకి కాలిపోని మోటారు ఎలా చేయాలా అని కంపెనీ వాళ్లే తల బద్దలు కొట్టుకుంటారు.