మీటరు దూరంలో 23 డిగ్రీల తేడా

తమ్ముడు: రికార్డింగ్ ఆన్ చేశానక్కా. పిన్ని వాట్సాప్‌లో పెట్టింది చూశావా? చంద్రుడి మీద 82 డిగ్రీల వేడట.

అక్క: చూశాను. అంకె సరైనదే. కానీ అసలు సంగతి 82లో లేదురా, దాని పక్కనున్న 59లో ఉంది.

తమ్ముడు: 59 ఎక్కడిది?

అక్క: 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగింది కదా, అందులో నేల వేడి కొలిచే చాస్టే అని ఒక పరికరం ఉంది. సన్నటి కడ్డీకి 10 సెన్సర్లు. అది మట్టిలో గుచ్చుకున్న చోట నేల సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉంది. అక్కడ 82. మీటరు దూరంలో, చదును నేల మీద, 59. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్ళు 2025 మార్చిలో వేసిన పేపర్లో ఉందిది.

తమ్ముడు: 6 డిగ్రీల వాలుకే అంత తేడానా?

అక్క: అమ్మమ్మ పొద్దున్నే వడియాల పళ్ళెం కింద ఇటుక ముక్క పెట్టేది, గుర్తుందా? ఎండ ఏటవాలుగా పడేటప్పుడే ఆ ఇటుకతో పని. మిట్టమధ్యాహ్నం తీసేసేది. విక్రమ్ దిగిన చోట మధ్యాహ్నమైనా సూర్యుడు నెత్తి మీదికి రాడు. 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం మరి.

తమ్ముడు: ఆగాగు. 69 అంటే ధ్రువం కాదుగా!

అక్క: కాదు. అక్కణ్ణుంచి ధ్రువానికి ఇంకా 600 కిలోమీటర్ల పైనే. "దక్షిణ ధ్రువం మీద దిగింది" అని అందరం అనేశాం. నేనూ క్లాసులో అన్నాను, పిల్లలు నోట్సులో రాసుకున్నారు కూడా. "ధ్రువానికి దగ్గర్లో" అంటే ఘనతేం తగ్గేది కాదు.

తమ్ముడు: అప్పట్లో ఇస్రో గ్రాఫ్‌లో మైనస్ 10 అని కూడా ఉంది కదా?

అక్క: అది 8 సెంటీమీటర్ల లోతులో. అంటే బెత్తెడు. గాలి లేదు, అంతా పొడి దుమ్ము, వేడి కిందికి దిగదు. ఐసు దిమ్మని ఊకలో కప్పి తెచ్చేవాళ్ళు చూడు, అలాగన్నమాట.

తమ్ముడు: అయితే కింద మంచు ఉన్నట్టేగా?

అక్క: అదిగో, అక్కడే తొందరపడతాం. సూర్యుడికి పెడమొహం పెట్టి 14 డిగ్రీలకు మించి వాలిన నేలైతే, పెద్దగా లోతుకు పోకుండానే మంచు దొరికే వీలుందని వాళ్ళ లెక్క. లెక్కే. చాస్టే మంచును చూడలేదు.

తమ్ముడు: మరి పిన్నికి ఏం రాయను?

అక్క: వడియాల పళ్ళెం సంగతి రాయి. ఇటుక ఎటు పెట్టాలో ఆవిడకి మనకంటే బాగా తెలుసు.